స్ప్రింగ్‌స్టీన్ అభిమానులు

1984వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన నాటి అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్, న్యూజెర్సీ రాష్ట్రమునందలి హామంటన్ అను చిన్న పట్టణమున ఎన్నికల సభలో ప్రసంగించుచు, అమెరికా భవిష్యత్తు యువజనుల హృదయములలోని కలలయందును, ఆ రాష్ట్రమున పుట్టిన గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాటలలోని ఆశాసందేశమునందును ఉన్నదని సెలవిచ్చెను. ఆ యేడు దేశమంతట మారుమ్రోగుచున్న పాట ‘బార్న్ ఇన్ ది యు.ఎస్.ఏ.’ అనునది. పల్లవి మాత్రము చెవినిబడినవారికి అది దేశభక్తిగీతము. చరణములు విన్నవారికి అది ఫిర్యాదు. కూలిజనములో పుట్టినవాడొకడు వియత్నాము యుద్ధమునకు పంపబడును. అక్కడ సోదరుని పోగొట్టుకొనును. తిరిగివచ్చి నూనెశుద్ధి కర్మాగారమున పనియడుగగా లేదందురు. మాజీ సైనికుల కార్యాలయమునకు పోగా అక్కడను దిక్కు లేదు. పదియేండ్లు గడచినను వానికి పోవుటకు చోటులేదు. ఇదియే ఆ గీతములోని కథ. దీనినే దేశాధ్యక్షుడు ఆశాసందేశముగా గ్రహించెను.

రెండుదినములకు పిట్స్‌బర్గు నగరమున పాడుచున్న స్ప్రింగ్‌స్టీన్, అధ్యక్షులవారికి తన ఆల్బములలో నేది యిష్టమో యని వేదికపై ఆశ్చర్యపడి, ‘నెబ్రాస్కా’ మాత్రము కాదని తలచెదనని చమత్కరించి, 1982 నాటి ఆ ఆల్బములోని ‘జానీ 99’ అను పాట నెత్తుకొనెను. మావా అను ఊరిలోని మోటారుకార్ల కర్మాగారము మూతబడగా పనిపోయినవాడు త్రాగి, రాత్రివేళ కాపున్న గుమస్తాను కాల్చి చంపును. న్యాయాధిపతి వానికి తొంబదితొమ్మిదేండ్ల శిక్ష విధించును. కాల్చినవాడు, తన యిల్లు తాకట్టులో నున్నదనియు, బ్యాంకువారు దానిని తీసికొనబోవుచున్నారనియు చెప్పుకొనును. అంతమాత్రమున తాను నిర్దోషినని యనడు. న్యాయస్థానముల చుట్టు తిరుగుట వృత్తిగా గల మేము, నేరమును ఒప్పుకొనుచునే నేరమునకు దారితీసిన కారణమును ఇంత కొలదిమాటలలో విన్నవించిన ముద్దాయిని అరుదుగా చూచితిమి. మావాలోని ఫోర్డు కర్మాగారము 1980లో మూతబడినమాట వాస్తవము. పాట కల్పితము, తాళము పడిన గేటు కల్పితము కాదు.

‘బార్న్ ఇన్ ది యు.ఎస్.ఏ.’ ఆల్బము ప్రపంచమున మూడుకోట్ల ప్రతులవరకు అమ్ముడుపోయెనని లెక్కలు చెప్పుచున్నవి. ఇన్నికోట్లమందిలో ఎందరు రీగన్ విన్నట్లు వినిరి? ఎందరు పిట్స్‌బర్గులో పాడినవాడు కోరినట్లు వినిరి? ఒక గాయకుని అభిమానినని చెప్పుకొనుట మనుష్యుని గూర్చి ఏమి చెప్పును? ఆలోచించిన కొలది ఈ ప్రశ్న పాటకునికంటె వినువానికే ఎక్కువగా సంబంధించినదని మాకు తోచుచున్నది.

ఇతరులను ఎత్తిచూపుటకు ముందు మా తప్పు మేమొప్పుకొందుము. మా కళాశాల దినములలో వసతిగృహమున ఒక మిత్రుని పాతటేపురికార్డరుపై ఈ పాట మ్రోగుచుండగా మేమును పిడికిళ్లు బిగించి పల్లవి అరచినవారమే. మాకు న్యూజెర్సీ తెలియదు, వియత్నాము పేరు మాత్రమే తెలియును. పరదేశపు పల్లవిని పూనకముతో అరచుటలో ఒక సుఖము గలదు. దానికి అర్థముతో పనిలేదు. ఒకనాడు కాసెట్టు డబ్బాలోని కాగితమును విప్పి, సన్నని అక్షరములలో అచ్చుబడిన చరణములను కూర్చుండి చదివితిమి. ఇన్నాళ్లు అరచినది ఇదియా యని సిగ్గు కలిగెను. అమెరికా అధ్యక్షుడు మా వసతిగృహములోనివాడే యని నవ్వుకొంటిమి.

అయితే ఈ పొరపాటున కంతయు వినువానినే దూషించుటయు న్యాయము కాదు. పిడికిలి బిగింపజేయు పల్లవిని కట్టినవాడు స్ప్రింగ్‌స్టీనే. తొలుత ఆ పాటను ఒంటరిగా, గిటారొకదానితో, దిగులుగా పాడి భద్రపరచినవాడును ఆయనయే. ఆ దిగులుపాటనే విడుదలచేసియున్నచో అధ్యక్షుడు పొరపడడు. మూడుకోట్లమంది కొననును కొనరు. ఈ రెంటికి నడుమ ఆయన నడిచిన త్రోవలో కొంత లాభాపేక్ష లేదని మేము ప్రమాణము చేయజాలము.

మన భాషలో అభిమానమను మాటకు రెండర్థములు గలవు. ఒకటి ఒకరియందలి ప్రేమ, ఆదరము. రెండవది ఆత్మగౌరవము. అభిమానము గలవాడనినచో ఒకరిచేత మాటపడనివాడని మన పల్లెలలోను అర్థము చెప్పుదురు. దుర్యోధనుని అభిమానధనుడనినది ఈ రెండవ అర్థముననే. ఇంగ్లీషువారి ‘ఫ్యాన్’ అను మాటకు ఈ చిక్కు లేదు. అది వెర్రిభక్తిని సూచించు వేరొక మాటకు కుదింపు. మన మాటలో మాత్రము ఒకని అభిమానియగువాడు తన అభిమానమును నిలుపుకొనవలసిన భారము ఆ మాటలోనే యిమిడియున్నది. ఏ సినిమా నాయకుని అభిమానసంఘమువారైనను తమ బోర్డుపైనున్న మాటను ఈ దృష్టితో చదువుకొనిరో లేదో!

స్ప్రింగ్‌స్టీన్ 1949 సెప్టెంబరు 23న పుట్టి, న్యూజెర్సీలోని ఫ్రీహోల్డు అను పట్టణమున పెరిగినవాడు. తల్లి అడెల్ వకీళ్ల కార్యాలయమున ఉద్యోగిని. ఇంటికి ఆమె జీతమే ఆధారము. అప్పుచేసి కుమారునకు గిటారు కొనిపెట్టిన ఇల్లాలు. (వకీళ్ల కార్యాలయముల వలన లోకమునకు కలిగిన ఉపకారములలో దీనినికూడ చేర్చవలెనని మా మనవి!) తండ్రి డగ్లస్ తివాసీల మిల్లులో, కార్ల కర్మాగారములో, బస్సు నడుపుటలో, జైలు కాపలాలో, ఇట్లు పనిమీద పని మారుచు, రాత్రులు దీపములార్పిన వంటయింట సిగరెట్టు కాల్చుచు మౌనముగా కూర్చుండువాడు. ఆ మౌనము వట్టి కోపము కాదు, మనోవ్యాధియని కుమారుడు 2016లో ప్రకటించిన ఆత్మకథలో వ్రాసెను. తానును ఆ కుంగుబాటును అనుభవించితినని దాచక చెప్పెను. ఆ వంటయింటి చీకటినుండియే ఈయన పాటలలో సగము పుట్టెననిన తప్పులేదు.

ఆయనను అభిమానులు ‘బాస్’ అందురు. తొలిరోజులలో ఆటముగిసినపిదప వచ్చిన రొక్కమును తోటివాద్యగాండ్రకు పంచిపెట్టువాడగుటచే ఆ పేరు వచ్చెనట. కూలివాని కష్టము పాడువానికి యజమాని యను బిరుదు! తనకు యజమానులనిన గిట్టదని ఆయనయే చెప్పియున్నాడు. అయినను పేరు నిలిచెను. సభలలో ఆయన పేరును సాగదీసి అరచుట అభిమానుల ఆచారము. క్రొత్తగా వచ్చినవారికది వెక్కిరింపుకేకవలె వినబడును. మూడేసిగంటలు పాడుట ఆయనకు వాడుక. 2012 జూలై 31న ఫిన్‌లాండు రాజధానియగు హెల్సింకీలో నాలుగుగంటల ఆరునిమిషములు పాడెను. వేదికకు చేరువచోటు దొరకుటకై అభిమానులు తామే అంకెలువేసికొని, గంటగంటకు పేర్లు పిలుచుకొని, పగలెల్ల వీథిలో వరుసకట్టి నిలుతురు. ఎన్నిసార్లు చూచితివని ఒకరినొకరు అడుగుకొందురు. నూరు దాటినవానికి గౌరవ మధికము.

ఇచ్చట మాకొక సందేహము కలుగుచున్నది. సంఖ్య భక్తికి కొలతయగునా? దీనికి న్యూజెర్సీయే ఒక దృష్టాంతమును చూపుచున్నది. 2010 మొదలు 2018 వరకు ఆ రాష్ట్రమునకు గవర్నరుగా నుండిన క్రిస్ క్రిస్టీ రిపబ్లికను పక్షీయుడు. స్ప్రింగ్‌స్టీన్ కచేరీలు నూరుకు మించి చూచినవాడు. పాటలన్నియు కంఠస్థము. ఈయన గవర్నరై ఆదాయవ్యయపట్టికలో కోతలు విధింపగా, ఆ కోతలు బీదలపై బడుటను వివరించిన వ్యాసమును మెచ్చుకొనుచు 2011లో స్ప్రింగ్‌స్టీన్ స్థానిక పత్రికకు లేఖ వ్రాసెను. 2012 అక్టోబరులో శాండీ తుపాను తీరమును పాడుచేసినప్పుడు సహాయనిధికై జరిగిన సభలో గాయకుడు గవర్నరును కౌగిలించుకొనెను. గవర్నరు ఇంటికిబోయి ఏడ్చెను. ఆ మాట దాచుకొనక ఆయనయే చెప్పెను. 2013లో జార్జి వాషింగ్టను వంతెనకు పోవు దారులను ఆయన అనుచరులు పగబట్టి మూయించి జనులను గంటలకొలది నిలిపిన ఉదంతము బయటపడగా, 2014 జనవరిలో స్ప్రింగ్‌స్టీన్ ఒక టెలివిజను హాస్యప్రదర్శనలో తన ప్రసిద్ధగీతమైన ‘బార్న్ టు రన్’ బాణీకి క్రొత్తమాటలు గట్టి గవర్నరును ఎగతాళిచేసెను. ఆ గవర్నరు గదిలో ఆ పాట ఎన్ని వేలసార్లు మ్రోగియుండునో!

క్రిస్టీని కపటియని కొట్టివేయుట సులభము. మేమట్లు తలపము. ఏడ్చినవాని కన్నీరు నిజమే. శ్రామికవర్గమునుండి వచ్చిన కుటుంబమువాడు, ఆ పాటలలో తన తండ్రి గుర్తుకు రాగా కరిగినవాడు. చిక్కెక్కడ ననగా, ఆ పాటలోని మనుష్యుడు తనకు జ్ఞాపకమై మాత్రమే యుండెను; దరఖాస్తు పట్టుకొని తన కచేరీ గుమ్మమున నిలిచినవానియందు ఆ మనుష్యుడే కానరాలేదు. దాటివచ్చిన పేదరికమును పాటగా వినుట ఒకటి, ఇంకను దాటనివానిని చూచుట మరియొకటి. ఈ వ్యాధి న్యూజెర్సీ గవర్నరుకే పరిమితమైనది కాదని, అద్దములో చూచుకొన్న ప్రతి మధ్యతరగతివానికి తెలియును, మాకును తెలియును.

దీనికి ప్రతిగా మరియొక అభిమానిని చూడుడు. సర్‌ఫరాజ్ మంజూర్ పాకిస్తానులో 1971లో పుట్టి, మూడేండ్ల పసివాడుగా ఇంగ్లండునకు పోయి, లూటన్ పట్టణమున పెరిగినవాడు. తండ్రి అక్కడి వాక్స్‌హాల్ కార్ల కర్మాగారమున కూలి. కుమారుడు తెల్లవారి పాటలు వినుట ఆ తండ్రికి గిట్టదు. తండ్రి గొంతులోని కష్టము కుమారునకు అంతుబట్టదు. కళాశాలలో ఒక సిక్కు మిత్రుడు స్ప్రింగ్‌స్టీన్ కాసెట్లు చేతిలో బెట్టెను. ఎన్నడు చూడని అమెరికాలో, తనది కాని మతములో, తనది కాని రంగులో నున్న ఒకడు తన తండ్రిని గూర్చి పాడుచున్నట్లు ఆ బాలునకు వినబడెను. తండ్రి 1995లో మరణించెను. కుమారుడు పత్రికారచయితయై, 2007లో ఆ కథను గ్రంథముగా వ్రాసెను. దానినాధారముగా గైకొని గురిందర్ చద్దా తీసిన చిత్రము ‘బ్లైండెడ్ బై ది లైట్’ 2019లో వెలువడెను. ఒక పాకిస్తానీ కూలిబిడ్డకు, సిక్కు మిత్రుని చేతిమీదుగా, ఐరిషు ఇటాలియను రక్తముల అమెరికావాడు తన కన్నతండ్రిని తిరిగి పరిచయము చేసెను. మంజూరు ఎన్ని కచేరీలు చూచెనన్నది మాకు ముఖ్యము కాదు. పాట విని తన యింటి వంకకు తిరిగి చూచినవాడు, అది ముఖ్యము.

స్ప్రింగ్‌స్టీన్ సాక్ష్యము ఎంతవరకు చెల్లునని ప్రతిపక్షపు వకీలు అడుగవచ్చును. అడుగవలసినదే. 2017, 2018లలో న్యూయార్కు నాటకశాలలో 236 మారులు జరిగిన ప్రదర్శనలో ఆయనయే ఆ ప్రశ్నకు బదులు చెప్పుకొనెను: తాను కర్మాగారము లోపలిభాగము చూచినవాడు కాననియు, వారమునకైదుదినముల కూలి చేయలేదనియు, అయినను దానినే పాడి ధనికుడైతిననియు నవ్వుచు ఒప్పుకొనెను. వియత్నాము యుద్ధమునకు పిలుపు వచ్చినప్పుడు వైద్యపరీక్షలో తప్పి ఇంటికి వచ్చినవాడే కాని పోరాడినవాడు కాడు. తన మొదటి బృందమున మద్దెల వాయించిన యువకుడు మాత్రము 1967లో అచ్చట నేలకొరిగెను. తనకు బదులుగా ఎవడు పోయెనో యను తలపు తన్ను విడువలేదని ఆయన చెప్పుచుండును. 1981 ఆగస్టులో లాస్ ఏంజెల్సులో వియత్నాము మాజీ సైనికుల సంఘమునకై ఆయన చేసిన కచేరీ, ఆ పిదప పుట్టిన పాట, ఈ ఋణభావమునుండి వచ్చినవే. స్వయముగా అనుభవింపనిదానిని గూర్చి పాడరాదనినచో కవులలో ముప్పాతికమంది నోరుమూసికొనవలసివచ్చును. ఋణము గుర్తుంచుకొన్నవాని సాక్ష్యమును మేము త్రోసిపుచ్చము.

ఇక అభిమానులకు అసలైన పరీక్ష వచ్చినది 2000 జూను నెలలో. అంతకుముందు యేడు ఫిబ్రవరి 4న న్యూయార్కు నగరమున అమాడూ డియాలో అను 23 ఏండ్ల యువకుడు, పశ్చిమాఫ్రికాలోని గినీనుండి పొట్టకూటికి వచ్చినవాడు, తాను కాపురముండు ఇంటి గుమ్మమున నిలుచుండగా నలుగురు పోలీసులు నలువదియొక్కమారులు కాల్చిరి. వాని చేతిలో నున్నది తుపాకి కాదు, డబ్బుసంచి. 2000 ఫిబ్రవరిలో ఆ నలుగురును నిర్దోషులని తీర్పువచ్చెను. జూను ఆరంభమున అట్లాంటాలో స్ప్రింగ్‌స్టీన్ ‘అమెరికన్ స్కిన్’ అను పాట పాడెను. నలువదియొక్క గుండ్లను పేరులోనే చేర్చుకొన్న పాట అది. పోలీసులను రాక్షసులుగా చిత్రించు పాట కాదు. భయము ఇరువైపుల నుండుటను, బిడ్డను బడికి పంపుచు తల్లి చెప్పు జాగ్రత్తలను వినిపించు పాట. అయినను న్యూయార్కు పోలీసుల సంఘము ఆగ్రహించి, ఆయన కచేరీలకు బందోబస్తు పనికి పోవలదని తనవారిని కోరెను. పదిరాత్రులు మాడిసన్ స్క్వేరు గార్డెనులో కచేరీలు జరిగెను; ప్రతిరాత్రియు ఆ పాట పాడెను. కొందరు లేచి వెక్కిరించిరి. ఆయన పేరు సాగదీసి యరచువారికి, వెక్కిరించువారికి కేకలో భేదము తెలియని ఆ సభలలో, ఒకే బెంచీపై ఇరువురు అభిమానులు చెరియొక కేక వేసియుందురు.

ఆ పోలీసులు ఎవరు? ఆ పాటలలోని కుటుంబములనుండి వచ్చినవారే: మిల్లు మూతబడిన ఊళ్ల బిడ్డలు, యువకులుగా నున్నప్పటినుండి ఆయన పాటలు పాడుకొన్నవారు. తమ తండ్రుల దుఃఖమును పాడినంతకాలము ఆయన తమవాడు. గుమ్మమున కూలిన నల్లవాని దుఃఖమును పాడినంతనే పరాయివాడయ్యెను. పాటకుడు మారలేదు. 1984లో వియత్నామునుండి వచ్చినవానికి అడిగిన న్యాయమునే 2000లో డియాలోకు అడిగెను. 2012లో ఫ్లోరిడాలో ట్రేవన్ మార్టిన్ అను బాలుడు కాల్చబడిన పిదప ఆ రాష్ట్రమునందే ఆ పాటను మరల పాడెను. దుఃఖము మనదైనప్పుడు పాట యనియు, ఇతరునిదైనప్పుడు రాజకీయమనియు పేరుపెట్టుట లోకమున చాల వాడుకలో నున్న న్యాయము.

‘కళ వేరు, రాజకీయము వేరు, పాడుటకు డబ్బిచ్చితిమి, ఉపన్యాసమునకు కాదు’ అను మాట అభిమానులలో తరచు వినబడును. 2016 ఏప్రిలులో ఉత్తర కరొలైనా రాష్ట్రము లింగాంతరులు ఏ మరుగుదొడ్డికి పోవలెనో శాసించు చట్టమును చేయగా, ఆయన గ్రీన్స్‌బరోలో జరుగవలసిన కచేరీని రద్దుచేసెను. టిక్కెట్లు కొన్నవారిలో పలువురు తమ పాపమేమని యడిగిరి. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. 2025 మే 14న ఇంగ్లండులోని మాంచెస్టరులో అధ్యక్షుడు ట్రంపు పాలనను అవినీతికరమనియు, ద్రోహపూరితమనియు వేదికపై నిందించెను. ట్రంపు ఆయనను పరుషముగా దూషించి బదులిచ్చెను. సమ్మతింపనివారు లేచిపోవచ్చును. అది వారి హక్కు. కాని నలువదియేండ్లుగా చరణములు విననివారు ఇప్పుడీయన క్రొత్తగా రాజకీయములు చెప్పుచున్నాడని ఆశ్చర్యపడుట మాత్రము మాకు నవ్వు తెప్పించుచున్నది. 1988 జూలైలో తూర్పు బెర్లిను మైదానమున లక్షకు మించిన జనుల యెదుట జర్మను భాషలో, అడ్డుగోడలన్నియు ఒకనాడు కూలునని ఆశించుచున్నానని చెప్పినవాడు ఈయనయే. ఆ యేడే సెప్టెంబరు 30న ఆమ్నెస్టీ సంస్థ మానవహక్కుల యాత్రలో ఢిల్లీకి వచ్చి నెహ్రూ స్టేడియమున పాడినవాడును ఈయనయే.

మరి పాటకుడే తప్పు చేసిననో? ఇచ్చటనే అభిమానమను మాట రెండవ అర్థము నిలువవలెను. కూలివాని కవియను పేరుగలవాడు 2021 ఫిబ్రవరిలో జీపుకార్ల ప్రకటనలో నటించెను. 1980లలో క్రైస్లరు కంపెనీ తన పాటను ప్రకటనకై అడుగగా కాదన్నవాడు ఆయనయే. జీపు ఆ కంపెనీ బండియే. ఆ యేటి చివర తన పాటల హక్కులను సోనీకి విక్రయించెను. వెల 50 కోట్ల డాలర్ల వరకు నని పత్రికలు వ్రాసెను. ఇవి సహింపదగినవి కావచ్చును. 2022 జూలైలో మాత్రము, రాబోవు యాత్రకు టిక్కెట్లు అమ్మకమునకు పెట్టగా, గిరాకీని బట్టి వెల పెరుగు పద్ధతిచే కొన్ని టిక్కెట్లు నాలుగైదువేల డాలర్లకు ఎగబ్రాకెను. సగటు వెల 262 డాలర్లేననియు, వేయి డాలర్లు దాటినవి నూటికొకటికి కొంచె మెక్కువ మాత్రమేననియు టిక్కెట్టుమాస్టరు కంపెనీ చెప్పెను. గాయకుడు ఒక సంభాషణలో ఆ పద్ధతిని సమర్థించి, తృప్తిపడనివారు పోవునప్పుడు డబ్బు తిరిగి తీసికొనవచ్చునని చెప్పెను. ఆ మాట మాకు మిక్కిలి నొప్పి కలిగించినది. మావాలో పనిపోయినవానికి గేటువద్ద ఇట్టి మాటయే ఎవరో చెప్పియుందురు.

1980లో సియాటిల్ నగరమున మొదలైన ‘బ్యాక్‌స్ట్రీట్స్’ అను అభిమానుల పత్రిక యొకటి యుండెను. పేరుకూడ ఆయన పాటయే. ఏ ఊరిలో ఏ పాట ఏ వరుసలో పాడెనో మొదలుకొని వ్రాయుచు, ఆయనకు చేసిన సేవ ఆయన కంపెనీలు చేయలేదు. ఆ పత్రిక వారు ఈ టిక్కెట్టు వెలలను చూచి, తాము ఎవరికొరకు వ్రాయుచున్నారో ఆ సామాన్యులకే తలుపు మూతబడెనని చింతించి, వెనుకటి ఉత్సాహము తమలో లేదని ప్రకటించి, 2023 ఫిబ్రవరిలో, నలువదిమూడవయేట, పత్రికను నిలిపివైచిరి. ఆయనను తిట్టలేదు. పాటలు వినుట మానుదుమని శపథము చేయలేదు. తమ పనిని మాత్రము చాలించిరి. వారపత్రికను నడుపువారమగుటచే నలువదిమూడేండ్ల పత్రికను చేతులార మూయుట యేమో మేమెరుగుదుము. చదువుకొన్న చరణములను, పాడినవానిపైననే ప్రయోగించినవారు వీరు. నూరు కచేరీలు చూచి కోతలు విధించినవానికిని, పదిరాత్రులు వెక్కిరించినవారికిని, వీరికిని అభిమానులను పేరొక్కటే.

ఈ పరదేశవృత్తాంతము మనకేలయని పఠనమందిరమున ఈ పుటను తిప్పబోవు మిత్రులకొక్క మాట. స్ప్రింగ్‌స్టీన్ పెరిగిన ఫ్రీహోల్డునకు ఎడిసన్ పట్టణము గంటలోపు ప్రయాణము. ఎడిసనులోను చుట్టుపట్లను మన తెలుగువారు వేలకొలది కాపురమున్నారు. తివాసీల మిల్లు మూతబడిన తరువాతి న్యూజెర్సీలోనికి, కంప్యూటరు చదువులతో పోయినవారు. వారి పిల్లలు ఆ బళ్లలో చదువుకొనుచు, సభలలో ఆ పల్లవి పాడుచుండవచ్చును. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రమందలి ఒలేతా పట్టణమున, పనిముగించుకొని ఒక పానశాలలో మిత్రునితో కూర్చున్న తెలుగు ఇంజనీరు నొకనిని, ఏ వీసాపై వచ్చితివని అడిగి, మా దేశమునుండి పొమ్మని యరచి, ఒక అమెరికను కాల్చిచంపెను. కాల్చినవాడు పోలీసు కాడు, నౌకాదళమున పనిచేసి వచ్చినవాడు. అడ్డుపడబోయి గుండుదెబ్బ తిన్నవాడును అమెరికా దేశీయుడే. ఆ వార్త హైదరాబాదు చేరిన దినమున మా యింట ఆ పాత కాసెట్టు వెదకి బయటకు తీసితిమి. ‘అమెరికన్ స్కిన్’ అందు లేదు. అది తరువాతి కాలపు పాట. లోపలి కాగితము మడతలవద్ద చినిగియున్నది. చరణములు ఇంకను చదువుటకు వీలుగానే యున్నవి.